రోడ్డు పాట కింద నాటు పాట

మా అమ్మకు ఏ సంగతైనా ఒకసారి చెవిన పడితే చాలు, ఇక చెరగదు. అది నాకు సుఖమేమీ కాదు. చిన్నప్పుడు నేను ఎవరి గాజులు అడిగి తెచ్చుకుని పగలగొట్టానో, ఏ పెళ్లిలో ఎవరు మా నాయిన విస్తట్లో కూర తక్కువ వేశారో, అన్నీ నిన్న జరిగినట్టే అప్పజెప్పేది. అలాంటి మనిషి, సకల జనుల సమ్మె ముగిసిన చలికాలంలో ఒకరోజు నన్ను ఇంటి వెనక్కి పిలిచి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "బిడ్డా, నాకు గూడ మా అమ్మ రోగమే మొదలైనట్టున్నదే" అన్నది.

నాకు ముందు కోపం వచ్చింది. భయం వేస్తే నాకు మొదట కోపమే వస్తుంది, ఇప్పటికీ అంతే. "ఏం రోగం? యాళ్లకు బువ్వ తినక తల తిరుగుతున్నదేమో" అని కసిరాను. ఆమె వాదించలేదు. మా అమ్మ వాదించలేదంటే సంగతి పెద్దదేనని అప్పుడు తెలిసింది.

అమ్మమ్మ రోగమంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. మేముండేది జనగామ పక్క పల్లెలో. అమ్మమ్మది భూపాలపల్లి దిక్కు, మొగుళ్లపల్లి. ఆమె నాట్లలో పాట ఎత్తే మనిషి. ఆడవాళ్లు వరుసగా వంగి నాటు వేస్తుంటే ఒకరు పాట ఎత్తాలి, మిగతావాళ్లు అందుకోవాలి. ఎత్తే మనిషి గట్టిదైతే పొద్దు ఎప్పుడు గూకిందో తెలియదు, నడుము నొప్పి ఇంటికి పోయాకే తెలుస్తుంది. ముసలితనంలో ఆమెకు మతి తప్పింది. ముందు పాటలు పోయాయి. తర్వాత చుట్టాల పేర్లు పోయాయి. ఒకసారి మా అమ్మ సంచి పట్టుకుని గడప ఎక్కితే, "ఎవరివమ్మా నువ్వు? ఎవరింటికొచ్చినవ్?" అని అడిగింది. "నీ బిడ్డనే అవ్వా" అని అమ్మ అంటే, పాపం, పరాయి మనిషికి ఇచ్చినట్టు చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్లు తాగి వచ్చిన అమ్మకు, మళ్లీ ఆ మాట ఎత్తడానికి చాలా కాలం పట్టింది.

ఇప్పుడు అమ్మ నోట్లోంచి మాయమైంది కూడా పాటే. అదీ మామూలు పాట కాదు, అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న నాటు పాట. వాన వెలిశాక పుట్టింటికి బయలుదేరిన చెల్లెలి కథ. పొడుగు పాట. అమ్మమ్మ పోయాక అది మొత్తంగా వచ్చిన మనిషి ఈ భూమ్మీద మా అమ్మ ఒక్కతే. మిగతావాళ్లకు వచ్చింది వంత మాత్రమే, ప్రతి ముక్క చివరా వచ్చే "వినుకో అన్నా" అనేది.

ఆ పాట ఎట్లా పోయిందో చెప్పాలంటే సమ్మె సంగతి చెప్పాలి.

నేనప్పుడు మహబూబాబాద్‌లో హాస్టల్లో ఉండి బీఎడ్ చదువుతున్నాను. టెట్ పరీక్షకు సైకాలజీ గైడు బట్టీ పడుతున్నాను. సమ్మె మొదలై కాలేజీలూ బస్సులూ బంద్ అయ్యేసరికి, ఇక లాభం లేదని, పట్టాల మీద జనం కూర్చోక ముందే దొరికిన రైలు పట్టుకుని ఇంటికొచ్చి పడ్డాను. వచ్చేసరికి ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. వంటావార్పు అని పెట్టేవాళ్లు కదా, రోడ్డుకడ్డంగా రాళ్లు పేర్చి, పొయ్యిలు ముట్టించి, అక్కడే వండి అక్కడే తినడం. జనగామ రోడ్డు మీద మా ఊరి వంతు వచ్చినరోజు మా అమ్మ పెద్ద గంటె పట్టుకుని పోయింది. ఎసరు మసలదు, ఉపన్యాసం ఆగదు. మాట్లాడే ఆయన చెప్పిందే చెబుతున్నాడు. ఆడవాళ్లు కూర్చుని ఆవలిస్తున్నారు. ఉన్నట్టుండి మా అమ్మ గంటె ఆడించుకుంటూ రాగం ఎత్తింది. అమ్మమ్మ పాట రాగమే, మాటలు మాత్రం అప్పటికప్పుడు కట్టినవి.

"రోడ్డు మీదనె పొయ్యి పెడ్తిమి, వినుకో అన్నా
రాష్ట్రమియ్యక లేవబోమురో, వినుకో అన్నా"

వంత మారలేదు కాబట్టి ఎవరికీ నేర్పే పని పడలేదు. రోడ్డు మొత్తం అందుకుంది. ఉపన్యాసం ఇచ్చే ఆయన కూడా చప్పట్లు కొట్టక తప్పలేదు.

అంతే, ఆ రోజు నుంచి మా అమ్మకు మైకు దొరికింది. ఏ ఊళ్లో టెంటు వేసినా జీపు వచ్చి మా వాకిట్లో ఆగేది. "అక్కా, జర గా పాట పాడాలె" అని పిల్లగాళ్లు బతిమిలాడేవాళ్లు. అంతకుముందు బ్యాంకులో, దవాఖానలో నోరు విప్పాలంటే అమ్మ నన్ను ముందుకు తోసేది. మన మాట సినిమాల్లో నవ్వించడానికి పెట్టే మాట అని ఆమెకు లోపల ఉండేది. ఇప్పుడు అదే మాటను మైకులో వదిలితే వందల మంది వంత పాడుతున్నారు. ఆమె నడక మారింది. మా నాయిన "ఇగ మన ఇంట్ల గడ్డపెరుగు కావాల్నన్నా మైకులనే అడగాలె" అని ఎక్కిరించేవాడు. పైకి అట్లా అన్నా, టెంటు దగ్గర వెనక వరుసలో నిలబడి అందరికంటే గట్టిగా వంత పాడింది ఆయనే.

సమ్మె ఆగింది, నేను మహబూబాబాద్ పోయాను. యాసంగి పంటకు నాట్లు దగ్గరపడ్డాక మొగుళ్లపల్లి నుంచి మా మేనమామ భార్య, అంటే మా అత్త, ఫోన్ చేసింది. ఏటా నాటు మొదలుపెట్టేరోజు అమ్మమ్మ పొలంలో అమ్మమ్మ పాటే ఎత్తాలి, అది వాళ్లింటి పద్ధతి. అమ్మమ్మ తర్వాత ఆ పని మా అమ్మది. "వదినా, నారు ఎదిగింది, ఎప్పుడొస్తున్నవ్?" అని అత్త అడిగింది. వస్తానని చెప్పి, ఫోన్ పెట్టేసి, గిన్నెలు తోముకుంటూ అమ్మ ఊరికే పాట మొదలుపెట్టిందట. రాగం వచ్చింది. ఆ వెనక "రోడ్డు మీదనె పొయ్యి పెడ్తిమి" వచ్చింది. నవ్వుకుని మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ రోడ్డే. వాన వెలిసిన పొద్దు లేదు, చెల్లె లేదు. ఎన్నిసార్లు ఎత్తినా పొయ్యీ, రాష్ట్రమూ తప్ప ఇంకో మాట రాలేదు.

ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా దాచింది. నేను సెలవుకు ఇంటికి వచ్చేసరికి మనిషి సగమైంది. వాకిలి ఊడుస్తూ లోపల లోపల ఏదో గొణుక్కుంటుంది. దగ్గరికి పోయి వింటే చుట్టాల పిల్లల పేర్లు. పెద్దనాయిన పిల్లలు, వాళ్ల పిల్లలు, ఆడబిడ్డల పిల్లలు, వరుసగా చెప్పుకుంటున్నది. ఒక్క పేరూ తప్పు పోలేదు. అయినా చివరికి వచ్చాక చీపురు పట్టుకుని అట్లా నిలబడిపోయేది. టెంటుకు రమ్మని జీపు వస్తే జ్వరమని పంపేసింది. నా ద్వారా సంగతి తెలిసిన నాయిన "పాట పోతే పోయింది, బువ్వ వండుడు మరువకు" అని సరసమాడాడు. వేరే రోజైతే ఆయనకు నాలుగు అంటించేది. ఆ రోజు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన ముఖం నల్లగా అయిపోయి, సాయంత్రం దాకా పొలం నుంచి ఇంటికి రాలేదు.

ఇక ఊరుకుంటే లాభం లేదని హనుమకొండలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన మంచివాడు, ఓపికగా అడిగాడు. ఏం వారం, ఏం కార్తె, ఇంట్లో ఎవరెవరున్నారు, అన్నీ టకటకా చెప్పింది. "ముఖ్యమంత్రి ఎవరమ్మా?" అని అడిగాడు.

"ఏ రాష్ట్రానికి సారూ? మాదింకా రాకపాయె గద" అన్నది అమ్మ.

డాక్టరు కలం కింద పెట్టి నవ్వాడు. "మీ అమ్మ తలకాయ నా తలకాయ కంటే బాగున్నది, తీస్కపో" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అమ్మ మాత్రం మెట్లు దిగుతూ, "ఆయనకు పాట తెల్వదు గద బిడ్డా. మా అమ్మకు గూడ మొదట్ల వారాలు, కార్తెలు అన్నీ ఎరుకే ఉండె. పాటలే పోయినయి" అన్నది. దారి పొడుగునా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

నాకు తోచిన వైద్యాలు నేనూ చేశాను. మొదటి మాట అందిస్తే మిగతాది అదే వస్తుందని గైడులో చదివాను. కానీ మొదటి మాట నాకేం తెలుసు? చిన్నప్పుడు వింటూ నిద్రపోయిన పాట, రాగం తప్ప ఏమీ పట్టుకోలేదు. అత్తకు ఫోన్ చేసి వంత పాడమన్నాను. అత్త ఉషారుగా "వినుకో అన్నా" అన్నది. ఇటునుంచి మా అమ్మ నోట్లోంచి "రాష్ట్రమియ్యక లేవబోమురో" వచ్చింది. అత్త పకపకా నవ్వింది. అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. ఇంకోసారి, పాట గురించి ఆలోచించకు, వేరే పని మీద ధ్యాస పెట్టు అని హితబోధ చేస్తే, చేతిలో ఉన్న గంటె నా కాళ్ల దగ్గర పడేలా విసిరింది. ఆ గంటె చప్పుడు విని నిజంగా ధైర్యం వచ్చింది నాకు, కోపం ఇంకా పోలేదు కదా అని.

నాట్లకు పోనని మొండికేసింది. పోకపోతే ఎందుకు రాలేదని పదిమందీ అడుగుతారు, అప్పుడు చెప్పక తప్పదు కదా అని నేను పోరి పోరి బయలుదేరదీశాను. పరకాల మీదుగా బస్సులో మొగుళ్లపల్లి చేరాం. మా మేనమామ చెల్పూర్ కరెంటు ప్లాంటులో కూలి పని చేసేవాడు. "కరెంటు పుట్టేది నా చేతుల మీద, నా మోటరుకు మాత్రం ఎప్పుడొస్తదో ఎరుక లేదు" అని వచ్చీ రాగానే మొదలుపెట్టాడు. ఆ తిట్లు వింటుంటే ఆ రోజు నాకు హాయిగానే ఉంది, ఎవరూ అమ్మ ముఖం వైపు చూడటం లేదు.

పొద్దున్నే పొలంలోకి దిగాం. యాసంగి చలికి నీళ్లు పాదాలు కొరుకుతున్నాయి. నేనూ చీర ఎగ్గట్టి అమ్మ పక్కనే నిలబడ్డాను, నాటు వేయడానికి కాదు, ఆమె పడిపోతే పట్టుకోవడానికి. ఆడవాళ్లు వరుస కట్టి వంగారు. "ఎత్తు వదినా" అన్నది అత్త. అమ్మ మొదటి నారు పరక బురదలో గుచ్చింది. రాగం ఎత్తింది. అనుకున్నట్టే పొయ్యీ రోడ్డూ వచ్చాయి.

నేను అమ్మకు ఇంకా దగ్గరగా జరిగాను. కానీ ఆడవాళ్లకు ఏ పరేషానూ లేదు. వాళ్లకు ఆ పాట మహా బాగా నచ్చింది. "వినుకో అన్నా" అని పొలం అదిరేట్టు అందుకున్నారు. జనగామ రోడ్డు మీది పాట ఇక్కడి దాకా రాలేదు మరి, కొత్తది విన్నట్టు విన్నారు. అమ్మ పాడుతున్నది, నాటుతున్నది, వెనక్కి జరుగుతున్నది. తల ఎత్తడం లేదు. ఆమె ముక్కు చివర నుంచి కారేది చెమట కాదని పక్కనున్న నాకు మాత్రమే తెలుసు.

రోడ్డు పాట ఎంతసేపు వస్తుంది? అది రోడ్డు మీద పుట్టిన పాట, నాలుగు ముక్కలు కాగానే ఎవరో ఒకరు జై కొడతారు, అక్కడితో సరి. ఇక్కడ జై కొట్టేవాళ్లు లేరు. మాటలు అయిపోయాయి, పొలం అయిపోలేదు. చేతులు ఆగలేదు, కాళ్లు వెనక్కి పోతూనే ఉన్నాయి. అమ్మ ఉత్త రాగం తీస్తూ జరిగింది. బావి దిక్కు మూలకు వచ్చేసరికి ఆమె కుడికాలు మెత్తటి బురదలో ఒక్కసారిగా మోకాలి దాకా దిగబడింది. "పయిలం వదినా!" అని అరిచి అత్త ఒక రెక్క, నేనొక రెక్క పట్టుకున్నాం. అమ్మ మా ఇద్దరినీ పట్టించుకోలేదు. కాలు బురదలో ఉండగానే, గొంతు ఎత్తి,

"మోకాటి లోతు వాగు దాటంగ, వినుకో అన్నా
మట్టె జారి కొట్టుకపాయెరో, వినుకో అన్నా"

అన్నది. అని, తన నోట్లోంచి వచ్చిన మాటకు తానే బిత్తరపోయి నా వైపు చూసింది. నేను రెక్క వదిలేశాను. "ఆపకు, ఆపకే అమ్మా!" అని అరిచాను. పక్కన ఉన్నవాళ్లు నాకు దయ్యం పట్టిందనుకుని ఉంటారు.

ఆమె ఆపలేదు. వాగులో పోయిన మట్టె, వెతకడానికి వచ్చిన అన్నలు, ఒడ్డున కూర్చుని ఎగతాళి చేసిన వదినలు, ఒకరి వెనక ఒకరు వచ్చేశారు. అత్త వంత పాడుతూనే అమ్మమ్మ సంగతి నాతో చెప్పింది. "అత్తమ్మ గీ మూలకు రాంగనే గీ ముక్కనే ఎత్తేది పిల్లా. గా ఒడ్డు కాడ చెల్లె ఇల్లు కదులుతది, ఈ మూలకు వాగు, ఆ తుమ్మ కాడికి పోయేసరికి పుట్టిల్లు. పాటను పొలానికి సరిపోను కొలుచుకున్నది ఆమె." ఆ మూలలో ఊట ఉందట, ఏటా ఎవరి కాలో ఒకరిది దిగబడాల్సిందేనట. మా అమ్మ చిన్నప్పటి నుంచీ అక్కడ దిగబడుతూనే పాడింది. ఆ సంగతి ఆమె ఎన్నడూ గమనించలేదు.

పాట పుట్టింటికి చేరింది కానీ మొదలు మాత్రం ఇంకా రాలేదు. తల లేని మొండెంలా ఉందని అమ్మ విసుక్కుంది. విసుక్కోవడం చూస్తే నాకు ప్రాణం లేచి వచ్చింది. బువ్వ యాళ్లకు కాళ్లు కడుక్కోవడానికి, పొద్దున నాటు మొదలుపెట్టిన ఒడ్డు దగ్గరికే పోయాం. ఆమె కాలువలో కాళ్లు పెట్టి, నీళ్లు దోసిట పట్టి, ఎవరో అడిగినదానికి జవాబు చెప్పినంత మామూలుగా, "వాన ఎలిసిన పొద్దు ఎల్లెరో" అన్నది. నేను పెద్దగా ఏడ్చేశాను. అంతమంది ముందు సిగ్గు కూడా అనిపించలేదు. బతికిపోయాం, మా అమ్మ మాకు ఉన్నది, ఇంకా ఎన్నేళ్లయినా నన్ను తిడుతుంది అనుకున్నాను.

నాకు గైడులో రెండు ముక్కలు ఎప్పుడూ తారుమారయ్యేవి. పాతది కొత్తదానికి అడ్డం పడితే ఒక పేరు, కొత్తది పాతదానికి అడ్డం పడితే ఇంకో పేరు. రెండోది తిరోగమన అవరోధం. ఎన్నిసార్లు బట్టీ పట్టినా పరీక్షలో ఒకదానికొకటి రాసేదాన్ని. అదే నా ఇంట్లో, నా కళ్ల ముందు గిన్నెలు తోముకుంటూ కూర్చుంటే గుర్తుపట్టలేకపోయాను. పోయిందనుకున్నది పోలేదు. ఒకే రాగం, ఒకే వంత, కొత్త మాటలు వచ్చి పాతవాటి గడపలో కూర్చున్నాయి, అంతే. లోపల ఉన్నవాళ్లు బయటికి రావడానికి వేరే దారి కావలసి వచ్చింది. అమ్మమ్మ రోగం అది కాదు, అమ్మకు వచ్చింది రోగమే కాదు. ఆ మాట అమ్మకు విడమరచి చెబితే, "గదంత నాకెందుకు, వచ్చింది గద" అని సద్దిమూట విప్పింది.

రాష్ట్రం వచ్చింది. అమ్మకు ఇప్పుడు వయసు మీద పడింది, కళ్లజోడు ఎక్కడ పెట్టిందో మాత్రం రోజూ మరిచిపోతుంది. రెండు పాటలూ ఆమె దగ్గరే ఉన్నాయి, ఏది కావాలంటే అది ఎత్తుతుంది. కానీ నా మనసులో నిలిచిపోయింది పాట దొరకడం కాదు, ఆ తర్వాత ఒడ్డు మీద జరిగింది.

బువ్వ తిన్నాక ఆడవాళ్లు మళ్లీ పొలంలోకి దిగారు. అమ్మ దిగలేదు. ఒడ్డు మీదే కూర్చుని, ఆ బావి మూల వైపు చూస్తూ, చప్పుడు లేకుండా ఏడుస్తున్నది. నాకు మళ్లీ కోపం వచ్చింది. "ఇగ ఇప్పుడెందుకే ఏడ్పు? దొరికింది గద!" అన్నాను.

"పాటకు గాదే" అన్నది. కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వింది. "ఇన్నేండ్ల సంది అమ్మ యాదికొస్తే గా ఆఖరి ముఖమే కండ్లల్ల మెదిలేది. నన్ను ఎవరివమ్మా అని అడిగిన ముఖం. ఎంత అనుకున్నా అంతకు ముందటి ముఖం కనబడకపోయేది. ఇయ్యాల గా మూలకు కాలు దిగబడంగనే, అమ్మ ఎనుకకు తిరిగి చూసింది బిడ్డా. కొంగు నడుముకు చెక్కుకున్నది, చేతుల నారు కట్ట ఉన్నది. పడిపోతవ్ పయిలమని, నన్ను పేరు వెట్టి పిలిచింది."